మూడో పాదంలో మూడు దోషాలు

ఉక్కుముక్కు గద్దలు రెండు నడినెత్తిన ఉన్న ఎండలోంచి ఒక్కసారిగా దిగాయి. మొదటిది కంచరగాడిద మెడ విరిచేసింది. రెండోది ఉప్పు బస్తాను నిలువునా చీల్చి, దాని వెనక నక్కిన మనిషి కోసం మెడ చాచింది. ఆ మనిషి గుప్పెడు ఉప్పు తీసి దాని కళ్లలో కొట్టాడు. గద్ద పెట్టిన కేకకు కొండ దద్దరిల్లింది. అతడు ఏటవాలు మీద దొర్లి, ముళ్లపొదల్లో పడి లేచి, పంచె సగం వాటికే సమర్పించుకుని, ఒగర్చుకుంటూ ఘోషవతి నది ఒడ్డుకు చేరాడు.

చూస్తే ఉప్పు వర్తకుడు. నెత్తిన మాసిన తలపాగా, చెవులకు ఇత్తడి పోగులు. అసలు మనిషి చెన్నుభట్టు, శుభ్రకూట రాజ్యపు పద్యపరీక్షాధికారి. మొన్నటిదాకా అతడు తల ఊపితే పద్యం బతికేది, పెదవి విరిస్తే చచ్చేది. అతడి ఒక్కగానొక్క కూతురు సౌగంధిని, ఆ గద్దలను పెంచే మాంత్రికుడు ధూమ్రజటి ఎత్తుకుపోయి మూడు రోజులైంది. ఈ రోజు పొద్దు గుంకగానే కాకశిల కోటలో ఆ పిల్లను అగ్నిగుండంలో వేస్తాడు. చెన్నుభట్టు వెళ్లి రాజుగారి కాళ్ల మీద పడ్డాడు. కీర్తిసేన మహారాజు చాలాసేపు విచారించి, "సైన్యాన్ని పంపలేం గాని, అమ్మాయి మీద చక్కటి స్మృతికావ్యం రాయిద్దాం. మీరే పరీక్షించి ఆమోదించండి" అన్నాడు. ఇరవై ఏళ్ల కొలువుకు దక్కిన ఫలం అది. అలాంటి కొలువు మండిపోనూ! చెన్నుభట్టు మాంత్రికుడి కంట పడకుండా ఆ పూటే వేషం మార్చుకుని ఒంటరిగా బయలుదేరాడు.

కాకశిలకు నేల మీద దారి లేదు. ఉన్నదల్లా నాలుగు మలుపుల లోయ. ఆ లోయ అందం చెప్పాలంటే నాకే నోరు చాలదు. నెమలికంఠం రంగు నీళ్లు, ఏడు తాటిచెట్ల ఎత్తున నిగనిగలాడే నల్లరాతి గోడలు, వాటి నెత్తిన బంగారు పూల గుత్తులు విరబూసిన అడవి సంపెంగలు, గోడల పొడుగునా జారే సన్నని జలపాతాలు, ఆ తుంపరల్లో పగలంతా చెరగని ఇంద్రధనుస్సులు! అయితే ఇదంతా బయటి నుంచి చూసేవాడికి. లోపలికి వెళితే తెల్లటి పొగమంచు తప్ప ఏమీ ఉండదు. ఎవరి చెయ్యి వాళ్లకు కనిపించదు. ఆ నీళ్ల మీద కళ్లు పనికిరావు గనక అక్కడి పడవవాళ్లు తరతరాలుగా పాట పట్టుకుని తెడ్లు వేసేవారు.

లోయ ముఖద్వారంలో తెడ్లపాలెం ఉంది. పడవలన్నీ బోర్లించి ఉన్నాయి. వాటి మీద గడ్డి మొలిచింది. తెడ్లను పాతి మేకల దొడ్డికి కంచె వేసుకున్నారు. ఊరి మధ్య రాజుగారి కావలి మంచె, మంచె మీద డప్పు, దాని పక్కన వేలాడే రాగి పలక.

ఒక పడవ నీడలో ముప్పై ఏళ్ల మనిషి కూర్చుని చేపల ఈటెకు పదును పెడుతోంది. భుజాలు మగవాడి భుజాల్లా ఉన్నాయి. పేరు నూకాలు. ఆమె వెనక పళ్లూడిన ముసలమ్మ చేపలు ఎండేస్తోంది. ఆమె తల్లి పైడమ్మ.

"ఏటి సెట్టీ, ఎవులు తరిమారు నిన్ను?" అంది నూకాలు తల ఎత్తకుండానే.

"కాకశిలకు వెళ్లాలి తల్లీ. పొద్దు గుంకేలోపు చేరాలి. ఒక్క పడవ కట్టించు. నీ కాళ్లకు దండం పెడతాను."

"కాకశిలకే? నవ్వొస్తంది సెట్టీ. ఇరవై మూడు పడవలు ఎల్లాయి. ఒక్కటీ రాలేదు. ఒడ్డు కాడ ఇంటుంటే అన్నిటి పాటా మూడో మలుపు కాడే ఆగిపోయింది. మా ఆయన, మా అన్న, మా బావ, అందరూ అక్కడే."

"పాట తప్పారా?"

నూకాలు ఈటె పక్కన పెట్టింది. "తప్పడమేటి? ఆరేళ్లుగా అదే పాట. రాజుగారి పలక మీద ఎలాగుందో అలాగే. పొద్దున్నోపాలి, సాయంత్రమోపాలి డప్పు కొట్టి మరీ అప్పసెప్పిస్తారు. తప్పినోడికి నాలిక మీద వాత. ముసిలి సరంగులు ఒప్పుకోపోతే ఉప్పుగనులకి తోలేసినారు. ఇంకేటి తప్పుతాం?"

"ఒక్కసారి పాడమ్మా."

ఆమె విసుక్కుంటూనే పాడింది.

పొంగేటి యేటిలో పోవమ్మ పడవ
గంగమ్మ తల్లి నిన్ గాచునే పడవ
సంగడి వారితో సాగవే పడవ
మంగళ మొప్పగా మరలవే పడవ

చెన్నుభట్టు ఒళ్లు మరిచాడు. కూతురు చావుబతుకుల్లో ఉందన్న మాటా మరిచాడు, ఏం మనిషో! కుడిచేతి వేళ్లు తొడ మీద వాటంతట అవే గణాలు కొట్టాయి. పాదానికి మూడు ఇంద్రగణాలు, చివర ఒక సూర్యగణం. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే. యతి ఎక్కడా జారలేదు. పెదవుల మీద చిన్న నవ్వు కూడా వచ్చింది.

పైడమ్మ చేతిలో చేప కింద పడింది.

"నూకాలూ, పట్టుకో! సెట్టి కాదు వీడు. ఆ సెయ్యి నాను మర్సిపోను. ఆరేళ్ల కిందట సభలో నన్ను నిలబెట్టి, నా పాటకి ఇలాగే తొడ మీద తాళం కొట్టి నవ్వినాడు. భట్టు వీడు! పాట దిద్దిన భట్టు!"

ఈటె మొన చెన్నుభట్టు గొంతు మీదికి వచ్చింది. గుడిసెల్లోంచి జనం పరుగెత్తుకొచ్చారు. ఎక్కువమంది ఆడవాళ్లే. చెన్నుభట్టు తలపాగా తీసి నేల మీద పెట్టాడు.

"అవును, నేనే. చంపాలంటే చంపండి. రేపు చంపండి. ఈ రోజు నా కూతుర్ని తెచ్చుకోనివ్వండి."

"మా వోళ్లని ఎవులు తెస్తారయ్యా?" అంది నూకాలు. "పాట మార్సినందుకు సంపుతానని కాదు. మార్సిన పాటలో మా వోళ్లని ఏ మాట ముంచిందో ఈ రోజుకీ తెల్దు మాకు. మాంత్రికుడి శాపమే అనుకున్నాం. అది సెప్పు ముందు."

చెన్నుభట్టు మనసులో లెక్క వేసుకున్నాడు. ఇరవై మూడు పడవలు. అన్నీ మూడో మలుపు దగ్గరే.

"పాదానికి ఒక మలుపా?" అని అడిగాడు నెమ్మదిగా.

"మరి?" అంది పైడమ్మ. "పాటలో ఒక్కో ఊపుకి ఒక్కో తెడ్డు. పాదంలో రెండో అచ్చరం కాడ సుక్కాని నొక్కడం. ఆ అచ్చరం ముక్కులోంచి వస్తే కుడికి, నోట్లోంచి వస్తే ఎడమకి. మా అమ్మ నేర్పింది, దానికి దాని అమ్మ నేర్పింది. మీ సభలో సెప్పబోతే ఎవులు ఇన్నారు?"

చెన్నుభట్టు ఇసుకలో కూలబడిపోయాడు. ఇరవై ఏళ్లు పద్యం కోసి, గింజ వేరు పొట్టు వేరు చేసి చూపించిన మనిషి! ఒక్కో పాదానికి నాలుగు గణాలు అంటే నాలుగు తెడ్లు అని, ప్రాస అంటే చుక్కాని అని అతడి బుర్రకు తట్టనే లేదు. ఏం చదువు చదివాడో గాని, చదువు చెప్పిన గురువులదీ తప్పే.

"పాత పాట పాడమ్మా. మూడో పాదం ఒక్కటి పాడు."

"రాదు."

"గుర్తు తెచ్చుకో తల్లీ!"

"రాదన్నాను గదా!" ముసలమ్మ అరిచింది. ఆమె కళ్లలోంచి నీళ్లు దూకాయి. "ఆరేళ్లు డప్పు కొట్టించి నీ పాటే నూరిపోసినారు. నిద్దర్లో కూడా నీ పాటే వస్తంది నాకు. మా అమ్మ గొంతు తల్సుకుంటే మా అమ్మ కూడా నీ పాటే పాడతంది. ఇంకేటి మిగిల్సినావు నాకు?"

చెన్నుభట్టు తల వంచుకున్నాడు. తర్వాత అతడి నోట్లోంచి మాటలు వచ్చాయి. అవి సభలో చదివిన మాటలు. వాటికే రాజుగారు గండపెండేరం తొడిగారు గనక ఒక్క అక్షరం కూడా మరిచిపోలేదు.

"మూడో పాదంలో మూడు దోషాలు. ఒకటి, ప్రాసభంగం. రెండు, పునరుక్తి: ఈ మూఢులకు మాటలు కరువైనట్టు ఒకే మాట మూడుసార్లు. మూడు, గణలోపం: పాదాంతంలో పడవ అన్న గణమే లేక పాదం కుంటిది."

పాట పోయింది. పాటను వెక్కిరించిన వెక్కిరింత మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. దానికి అతడు ఏడవాలో సంతోషించాలో తెలియలేదు గాని, ఏడ్చేందుకు వేళ లేదు. ఇసుక మీద వేలితో గీతలు గీయడం మొదలుపెట్టాడు.

"ఇటు చూడండి. మొదటి రెండు పాదాలు నేను ముట్టుకోలేదు. అవి మీవే. నాలుగేసి తెడ్లు, చుక్కాని కుడికి. మూడో పాదంలో ప్రాస తప్పింది. అంటే అక్కడ ముక్కు అక్షరం లేదు, చుక్కాని ఎడమకి. ఒకే మాట మూడుసార్లు వచ్చింది. అంటే మూడు తెడ్లూ ఒకే బలంతో పడాలి, ఎక్కువా తక్కువా కాకూడదు. చివరి గణం లేదు. అంటే నాలుగో తెడ్డు నీళ్లలో పడకూడదు. గాలిలో ఎత్తి ఉంచాలి. అక్కడ నీళ్ల కింద ఏముంది?"

"కోరరాయి," అంది పైడమ్మ గొణుగుతూ. "తెడ్డు తగిల్తే పడవని గిర్రున తిప్పేస్తది."

"నేను ఆ ఖాళీ చోట 'పడవ' అని పూరించాను. చుక్కానిని కుడికి తిప్పించాను. ఇరవై మూడుసార్లు." చెన్నుభట్టు మళ్లీ ఇసుక మీదికి వంగాడు. "ఆ మాట ఏమిటో గుర్తులేదు. కొలత మాత్రం చెప్పగలను. మూడక్షరాలు. పొడుగు, పొట్టి, పొడుగు. ఆ రోజు తొడ మీద కొట్టిన తాళం నా వేళ్లకు ఇంకా గుర్తుంది."

నూకాలు ఇసుక మీది గీతలను చూసింది. ఈటె మొన దించింది.

"మాట నా కాడుంది," అంది. "పడవ తిరగెయ్యండి!"

ఏళ్ల తర్వాత మొదటిసారి ఒక పడవ వెల్లకిలా పడింది. ఆడవాళ్లు గడ్డి పీకి, పగుళ్లలో జిగురు కూరి, నీళ్లలోకి తోశారు. నూకాలు తెడ్లు పట్టింది. చెన్నుభట్టు చుక్కాని దగ్గర కూర్చున్నాడు. పైడమ్మ ఎవరినీ అడక్కుండా ఎక్కి మధ్యలో చతికిలబడింది. "మునిగితే ముందు నిన్ను నొక్కుతాను, తర్వాత నాను మునుగుతాను," అని భట్టుకు మాట ఇచ్చింది నూకాలు.

అంతలో మంచె మీది భటుడు డప్పు మోగించాడు.

"ఎవరది? అనుమతి లేకుండా పడవా? పాట అప్పజెప్పి కదలండి!"

"పాట మారింది!" అని అరిచాడు చెన్నుభట్టు. "పలక మీదిది తప్పు!"

"శుద్ధపాఠాన్ని తప్పంటావా, ఉప్పు వెధవా!"

"నేనే చెన్నుభట్టుని! ఆ పాఠం నేనే దిద్దాను! తప్పని నేనే చెబుతున్నాను!"

"ఎవడివైతే నాకేం? పలక కింద రాజముద్ర ఉంది!" అని భటుడు విల్లు ఎక్కుపెట్టాడు. బాణం రివ్వున వచ్చి చెన్నుభట్టు ఎడమ భుజంలో దిగింది. రెండోది పడవ అంచుకు గుచ్చుకుంది. మూడోది వచ్చేలోపు నూకాలు ఒక్క ఊపున పడవను మంచులోకి నెట్టేసింది. తన శాసనం తనకే తగిలినవాడు పళ్లు బిగించి బాణం విరిచి పారేశాడు.

తెల్లటి చీకటి కమ్మేసింది. పడవ ముక్కు కనిపించదు, పక్కన కూర్చున్న మనిషి కనిపించదు. నీళ్ల హోరు నలువైపులా ఉంది. ప్రవాహం పడవను పట్టి లాగేసింది.

"పాడు!" అని నూకాలు అరిచింది.

పొంగేటి యేటిలో పోవమ్మ పడవ! నాలుగు ఊపులకు నాలుగు తెడ్లు. 'పొంగే' దగ్గర చుక్కాని కుడికి. ఎడమ చెంప పక్కనుంచి రాతిగోడ చల్లటి గాలి విసిరి వెనక్కి పోయింది. గంగమ్మ తల్లి నిన్ గాచునే పడవ! పడవ ఇంటి కప్పంత ఎత్తు లేచి దభాలున పడింది. చెన్నుభట్టు నోట్లోకి నీళ్లు వెళ్లాయి. ఉమ్మి మళ్లీ చుక్కాని పట్టాడు. రెండు మలుపులు దాటారు.

ఇక మూడోది. ముందు ఎక్కడో నీళ్లు పళ్లు నూరినట్టు చప్పుడు. పడవ అడుగున ఏవో కర్రలు టకటకా తగిలాయి. అవి ఇరవై మూడు పడవల చెక్కలని ముగ్గురికీ తెలుసు.

నూకాలు గట్టిగా ఊపిరి పీల్చింది. ఆ పాలెంలో ఆడది మొగుడి పేరు పలకదు. చచ్చాక కూడా పలకదు.

"సూరయా!" అని ఎలుగెత్తింది. ఒక తెడ్డు. "సూరయా!" రెండో తెడ్డు. "సూరయా!" మూడోది.

చెన్నుభట్టు చుక్కానిని ఎడమకు నొక్కి పట్టాడు. భుజంలోంచి రక్తం మోచేతి దాకా కారింది. నూకాలు తెడ్లు రెండూ ఎత్తి గాలిలో పట్టుకుంది. ఒక్క గణం పట్టేంతసేపు పడవలో పాట లేదు, మాట లేదు. కుడి పక్కన నల్లటి రాయి ఒకటి మంచులోంచి మొలిచి, వాళ్ల మొహాలకు జానెడు దూరంలో జారి, వెనక్కి పోయింది.

"దాటాం!" చెన్నుభట్టు వెర్రివాడిలా నవ్వాడు. "దాటాం తల్లీ, దాటాం!"

నూకాలు నవ్వలేదు. మొగుడి పేరు పలికిన నోటిని మోచేత్తో తుడుచుకుని, తెడ్లు మళ్లీ నీళ్లలో దించింది. ఎక్కడో పైన శంఖం ఊదారు. కాకశిల కోట శంఖం అది. మంచు పైభాగం ఎర్రబడుతోంది. పొద్దు గుంకుతోంది, అగ్నిగుండం రాజేస్తున్నారు. చెన్నుభట్టు నవ్వు ఆగిపోయింది. "ఒక్క మలుపే," అనుకుని గొంతెత్తాడు.

"మంగళ మొప్పగా..."

"ఆగు!" పైడమ్మ అతడి మోకాలు పట్టుకుంది. "అది మాది కాదు."

"నాలుగో పాదం ఇదే కదా?"

"పలక మీదిది అది. నువ్వు రాసుకున్నది. మాది పాడు."

"నాలుగో పాదంలో నేను ఏ దోషమూ ఎంచలేదమ్మా! జాబితా అంతా నాకు నోటికి వచ్చు. దోషం లేదంటే అది లక్షణంగానే ఉందని. నాలుగు తెడ్లు, చుక్కాని కుడికి..."

"ఇంటే గదా దోసం ఎంచడానికి!" ముసలమ్మ గొంతు కీచుమంది. "మూడో పాదం కాడే నువ్వు నవ్వేసినావు. సభంతా నవ్వింది. ఈలోపు భోజనాల గంట కొట్టినారు. అందరూ లేసిపోయినారు. నాను నోరు తెరుసుకుని అక్కడే నిలబడ్డాను. నాలుగోది నువ్వు ఎవులి కాడో కనుక్కుని ఉంటావని అనుకున్నాను. పండితుడివి గదా!"

చెన్నుభట్టుకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. చేతులు కడుక్కుంటుంటే లేఖకుడు వెనకాలే వచ్చి, "అయ్యా, నాలుగో పాదం?" అని అడిగాడు. "నేను పూరిస్తాలే," అన్నాడు తాను, తడి చేతులు తుడుచుకుంటూ. ఆ రోజు మధ్యాహ్నం భోజనంలో ఏం వడ్డించారో కూడా గుర్తుంది. మూడో మలుపు దాటి వచ్చినవాడు ఒక్కడూ లేడు గనక నాలుగో పాదం తప్పని చెప్పేందుకు ఇంతవరకూ ఎవరూ మిగల్లేదు.

పడవ వేగం పెరిగింది. హోరు ఒక్కసారిగా ఎదుటికి వచ్చింది.

"ఏదో ఒకటి పాడవయ్యా! తెడ్డు వెయ్యాలి!" నూకాలు అరుస్తోంది.

ఛందశ్శాస్త్రమంతా తెలిసిన నోటిలోంచి ఒక్క అక్షరం రాలేదు. పైడమ్మ పాకుతూ వెనక్కి వచ్చి అతణ్ని పక్కకు తోసేసింది.

"సుక్కాని ఇటియ్యి. నోటికి రాపోతే సేతికి వస్తాదేమో సూద్దాం. నలబై ఏళ్లు పట్టిన సెయ్యి ఇది. నూకాలూ, నా కాలు సప్పుడికి తెడ్డెయ్యి!"

ముసలి చేతులు చుక్కాని మీద కాసేపు తడుముకున్నాయి. కాలు పడవ అడుగున ధన్‌మంది. తెడ్డు పడింది. రెండు. మూడు. చుక్కాని ఎడమకు వెళ్లి, సగంలో కుడికి తిరిగింది. ఒకే పాదంలో రెండు ప్రాసలా! చెన్నుభట్టు అదిరిపడ్డాడు. నాలుగు. ఇక చాలు, పాదం అయిపోయిందని అతడి ఒళ్లంతా చెప్పింది. కాలు మళ్లీ ధన్‌మంది. ఐదు. ఏ లక్షణగ్రంథంలోనూ లేని ఐదో తెడ్డు. పడవ రెండు రాళ్ల సందులోంచి ఒరుసుకుంటూ దూరి అవతలకు పడింది.

ఆరోసారి కాలు ఎత్తింది పైడమ్మ. ఎత్తిన కాలు అలాగే ఉండిపోయింది.

మంచు చీలింది. ఎదురుగా, పది మూరల దూరంలో, నల్లటి రాతిగోడ నిలువునా లేచి ఉంది. ప్రవాహం మొత్తం దాని మీదికే పోతోంది. గోడ నెత్తిన కోట బురుజు, బురుజు మీద మంట, మంట పక్కన చేతులు కట్టేసిన ఆడపిల్ల. ఆ పిల్ల కిందికి చూసింది.

"నాన్నా!"

"పైడమ్మా, తర్వాత? తర్వాత ఏమిటమ్మా!" చెన్నుభట్టు ఆమె భుజాలు పట్టి కుదిపేశాడు.

పైడమ్మ తన చేతుల వంక చూసుకుంది.

"ఇక్కడిదాకే వస్తంది భట్టూ," అంది. "మిగతాది ఆ రోజు పాడనిచ్చుంటే, నీ పుస్తకంలో ఉండేది."